మళ్లీ మళ్లీ వాడుకోగల ఈసీజీ ఎలక్ట్రోడ్‌లను ఇంట్లో తయారు చేసుకున్న నా అనుభవం

నా గుండె కొట్టుకునే తీరును తెరమీద గీతగా చూసుకోవాలన్న సరదా నవంబరులో మొదలైంది. గుండె నుంచి వచ్చే సన్నని విద్యుత్ సంకేతాన్ని పెద్దది చేసే ఏడీ8232 చిప్పు ఉన్న చిన్న బోర్డు, ఒక మైక్రోకంట్రోలర్, బ్యాటరీ, చివర మూడు టిచ్ బటన్లున్న తీగ చేతికి వచ్చిన సాయంత్రమే గీత కనబడింది. అక్కడి నుంచి మార్చి నెలాఖరు దాకా నేను పడిన తంటా అంతా ఆ తీగ కొసకూ చర్మానికీ నడుమ ఉండే చిన్న బిళ్లతోనే, అంటే ఎలక్ట్రోడ్‌తోనే. దాని గురించి ముందే ఎవరైనా వివరంగా రాసి ఉంటే నాకు చాలా వారాలు కలిసి వచ్చేవి కనుక, జరిగినది జరిగిన వరుసలోనే రాస్తున్నాను.

బోర్డుతో పాటు వచ్చినవి ఒకసారి అంటించి పారేసే జెల్ ఎలక్ట్రోడ్‌లు. అవి బాగానే పనిచేస్తాయి, అందులో సందేహం లేదు. అయితే పొట్లం ఒకసారి విప్పాక, ఎంత జాగ్రత్తగా మడిచి పెట్టినా కొద్ది రోజులకే జెల్ ఎండిపోయి గీత వణకడం మొదలవుతుంది. ఎప్పుడో ఒకసారి చూసుకునే వారికి ఇది పెద్ద విషయం కాదు కానీ, నాలాగా రోజూ రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు రికార్డు చేసుకోవాలనుకునే వారికి రోజుకు మూడు చొప్పున బిళ్లలు చెత్తబుట్టలోకి పోతాయి, నెల తిరిగేసరికి బిళ్లల ఖర్చు బోర్డు ఖర్చును దాటుతుంది. ఖర్చును ఓర్చుకున్నా దురదను ఓర్చుకోలేకపోయాను. జిగురు అంటిన చోట డిసెంబరు మొదటి వారానికల్లా గుండ్రటి ఎర్రటి మచ్చలు తేలాయి, వాటిమీదే మళ్లీ బిళ్ల అంటించాలంటే మనసొప్పలేదు. జిగురు లేనివి, కడిగి మళ్లీ వాడుకోగలిగినవి నేనే చేసుకోవాలని అప్పుడు నిశ్చయించుకున్నాను.

పని మొదలుపెట్టే ముందే ఒక నియమం పెట్టుకున్నాను, చివరిదాకా దాన్ని సడలించలేదు. ఒంటికి తీగలు తగిలించి ఉన్నంతసేపూ గోడ కరెంటుతో ఏ సంబంధమూ ఉండకూడదు. బోర్డు బ్యాటరీ మీద నడవాలి, ల్యాప్‌టాప్ వాడితే దాని ఛార్జర్ పూర్తిగా తీసేసి ఉండాలి, లేదా సమాచారం బ్లూటూత్ ద్వారా ఫోనుకు వెళ్లాలి. ఎలక్ట్రోడ్ ఎంత బాగా కుదిరితే కరెంటును అడ్డుకునే చర్మం నిరోధం అంతగా తగ్గుతుంది కాబట్టి, మంచి ఎలక్ట్రోడ్ చేసుకున్నవారికే ఈ జాగ్రత్త మరింత అవసరం. పేస్‌మేకర్ ఉన్నవారి మీద నేను ఇవేవీ పెట్టి చూడను.

మొదట చేతికి అందిన లోహం స్టెయిన్‌లెస్ స్టీలు. రెండు సెంటీమీటర్ల వెడల్పున్న మూడు స్టీలు వాషర్లను నున్నగా రుద్ది, సబ్బుతో కడిగి, వెనక తీగ బిగించి, సాగే పట్టీతో ఛాతీకి కట్టుకున్నాను. పొడిగా పెట్టినంతసేపూ బోర్డు అసలు నన్ను గుర్తించలేదు. ఈ చిప్పులో తీగ ఊడితే తెలియజేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. బిళ్ల చర్మానికి గట్టిగా ఒత్తుకుని ఉన్నా, మధ్యలో నిరోధం ఎక్కువగా ఉంటే అది ఊడిపోయినట్టే లెక్కగడుతుంది. చర్మం పైపొర చాలా పలచనిదే అయినా అది ఎండిన మృతకణాల పొర కావడంతో పొడి చర్మం నిరోధం లక్షల ఓములలో ఉంటుంది. చర్మం మీద మనకు దొరికే గుండె సంకేతమేమో దాదాపు ఒక మిల్లీవోల్టు. ఉప్పునీటితో తడిపాక గీత వచ్చింది కానీ, ఊపిరి పీల్చినప్పుడల్లా అది తెర పైకీ కిందికీ కొట్టుకుపోయేది. కదలకుండా కూర్చుంటే లెక్కపెట్టుకోవడానికి పనికొచ్చే శిఖరాలు మాత్రం కనబడేవి. స్టీలులో నికెల్ ఉంటుందని, నికెల్ పడని వారికి అది తగిలిన చోట దద్దురు వస్తుందని కూడా చెప్పాలి. నాకు రాలేదు.

స్టీలుతో విసిగిపోయి ఉన్న రోజుల్లోనే పాత పద్ధతి ఒకటి చేసి చూడాలనిపించింది. ఈసీజీ యంత్రానికి ఆద్యుడైన విలెం ఐంథోవెన్, 1924లో నోబెల్ బహుమతి పొందిన శాస్త్రవేత్త, తన తొలి యంత్రంతో రికార్డు చేసేటప్పుడు మనిషి రెండు చేతులూ ఎడమ కాలూ ఉప్పునీటి పాత్రల్లో ముంచి ఉంచేవాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం మూడు ప్లాస్టిక్ గిన్నెల్లో గోరువెచ్చని ఉప్పునీరు పోసి, ఒక్కోదానిలో ఒక్కో స్టీలు వాషర్ వేసి, అదే తీరున కూర్చున్నాను. బోర్డును నీటికి దూరంగా బల్ల మీద పెట్టాను. ఛాతీ మీద పొర్లిపొర్లి పోయిన అవే వాషర్లు గిన్నెల్లో మాత్రం నిటారైన శిఖరాలతో, వాటి వెనకే వచ్చే చిన్న గుండ్రటి అలతో సహా, నేను అప్పటిదాకా చూడనంత శుభ్రమైన గీతను ఇచ్చాయి. ఆనందంలో చెయ్యి ఊపబోయి ఆగిపోయాను. లోహం అదే, బోర్డు అదే; మారినదల్లా చర్మానికీ లోహానికీ మధ్య ఉన్న నీరు. అప్పటి నుంచి లోహాల కోసం వెతకడం తగ్గించి, ఆ నీటిని ఛాతీ మీద ఎలా నిలబెట్టాలన్నదాని మీదనే దృష్టి పెట్టాను.

అయినా లోహం విషయం పూర్తిగా వదిలేయడానికి వీల్లేదు. ఉప్పుతడి తగిలిన ప్రతి లోహం దగ్గరా చిన్న వోల్టేజి ఒకటి పుడుతుంది. రెండు బిళ్లల దగ్గరా అది సమానంగా, స్థిరంగా ఉంటే ఒకదానికొకటి చెల్లిపోతుంది. తేడా ఉంటే ఆ తేడా గుండె సంకేతం మీద ఎక్కి కూర్చుంటుంది. ఏడీ8232 సుమారు 300 మిల్లీవోల్టుల తేడా వరకు తట్టుకుంటుంది కానీ, ఆ తేడా నిలకడగా లేకపోతే గీత ఊగుతూనే ఉంటుంది. ఒకవైపు రాగి, మరోవైపు స్టీలు పెట్టడం ఏ మాత్రం పనికిరాదని చెప్పడానికి కారణం ఇదే. పారేసే బిళ్లల్లో వెండి, దాని మీద వెండి క్లోరైడు పూత వాడటానికీ కారణం ఇదే. ఉప్పుతో కలిసినప్పుడు అంత నిలకడగా ఉండే జోడీ అంత సులభంగా మరొకటి దొరకదు.

వెండి కోసం జనవరి దాకా ఆగవలసి వచ్చింది. నాకు కావలసింది 99.9 శాతం శుద్ధమైన పలుచని రేకు. నగలకు వాడే 92.5 శాతం వెండిలో మిగిలిన భాగం ఎక్కువగా రాగి కనుక దాన్ని వద్దనుకున్నాను. రేకు తెప్పించుకోవడానికి రెండు వారాలకు పైగా పట్టింది, మొత్తం పనిలో అన్నిటికన్నా ఎక్కువ ఖర్చయినది కూడా అదే. అయితే ఒక్క రేకులో సెంటీమీటరు వెడల్పు బిళ్లలు నాకు కావలసిన వాటికంటే ఎక్కువే వచ్చాయి, అవి ఇప్పటికీ డబ్బాలో మిగిలి ఉన్నాయి.

బిళ్ల వెనక వైపు టిచ్ బటన్ పొడుచుకు వచ్చిన సగాన్ని టంకం పెట్టి అతికించాను. ఈసీజీ తీగల కొసన ఉండే గుంట సుమారు 4 మిల్లీమీటర్ల మొనకు సరిపోయేలా ఉంటుంది. బట్టల టిచ్ బటన్లలో అన్నీ దానికి సరిపోవు కనుక తీగను వెంట ఉంచుకుని ఒక్కొక్కటీ తగిలించి చూసి ఎంచుకోవాలి. టంకానికీ, టిచ్ బటన్ మీది నికెల్ పూతకూ జెల్ ఏ మాత్రం తగలకూడదు. తగిలితే వెండితో పాటు మరో రెండు లోహాలు కూడా రంగంలోకి దిగి వోల్టేజిని చెడగొడతాయి. అందుకని వెనక భాగమంతా ఎపాక్సీ జిగురుతో మూసేసి, మొన మాత్రం బయట ఉంచి, ఒక రాత్రంతా ఆరనిచ్చాను.

మరుసటి రోజు పూత పని. నేను ఎక్కువ భయపడింది దీనికే, అన్నిటికన్నా తేలిగ్గా అయిపోయిందీ ఇదే. లీటరు డిస్టిల్డ్ నీటికి 9 గ్రాముల లెక్కన ఉప్పు కలిపాను. అయోడిన్ కలిపిన ఉప్పు వాడలేదు, ఎందుకంటే అయోడైడు కూడా వెండితో కలిసి తన పూత తాను వేస్తుంది. 9 వోల్టుల బ్యాటరీ ధన కొసను 10 కిలో ఓముల రెసిస్టర్ ద్వారా నా బిళ్లకు, రుణ కొసను మరో వెండి ముక్కకు కలిపి రెండింటినీ నీటిలో ఉంచాను. దీనితో ప్రవహించే కరెంటు ఒక మిల్లీయాంపియరు లోపే. వెండి ముక్క మీద సన్నని బుడగలు లేస్తుండగా, బిళ్ల మెల్లగా మెరుపు కోల్పోయి నేరేడు రంగు కలిసిన బూడిద రంగుకు తిరిగింది. పది నిమిషాల్లో రంగు అంతటా సమానంగా పట్టింది. తొందరపడి కరెంటు పెంచితే పూత మందంగా, పొరలుగా లేచి రాలిపోతుంది కనుక ఆ పది నిమిషాలూ చేతులు కట్టుకుని కూర్చోవడమే మంచిది. వెండిని బట్టల బ్లీచులో నానబెట్టి కూడా ఇదే పూత తెచ్చుకోవచ్చు. ఆ దారి పట్టేవారు గాలి ఆడే చోట చేయాలి, ఆ బ్లీచులో వెనిగర్ వంటి ఆమ్లం ఏదీ కలవకుండా చూసుకోవాలి. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

పూత పడిన వెంటనే మల్టీమీటరుతో చూస్తే రెండు బిళ్లల మధ్య తేడా అంత మెచ్చుకోదగ్గట్టుగా లేదు. మూడింటి తీగలనూ ఒకచోట ముడివేసి, అదే ఉప్పునీటిలో, వెలుతురు తగలకుండా, తెల్లవార్లూ ఉంచాను. ఉదయం మళ్లీ కొలిస్తే తేడా ఒకటి రెండు మిల్లీవోల్టులకు దిగింది, పైగా అంకె కదలకుండా నిలిచింది. పారేసే ఈసీజీ ఎలక్ట్రోడ్‌లకు అమెరికాలో ఉన్న ప్రమాణం ప్రకారం రెండింటిని జెల్ వైపులు ఎదురెదురుగా కలిపి కొలిచినప్పుడు ఈ తేడా 100 మిల్లీవోల్టులు దాటకూడదు. ఆ లెక్కన నా బిళ్లలు గట్టెక్కాయి. ఇలా కొలిచేటప్పుడు మల్టీమీటరును ఓముల వైపు తిప్పి చూడాలన్న కోరిక పుడుతుంది, కానీ ఆ అంకెను నమ్మరాదు. మీటరు పంపే ఏకముఖ కరెంటే బిళ్లల ఉపరితలాన్ని మార్చేస్తుంటుంది కాబట్టి అంకె పాకుతూ పోతూనే ఉంటుంది.

వెండి బిళ్లను నేరుగా చర్మానికి ఒత్తితే మళ్లీ కదలిక బాధ మొదలయ్యేది. చర్మం మీద లోహం జరిగినప్పుడల్లా వాటి మధ్య ఉన్న పలుచని తడిపొర చెదురుతుంది, ఆ చెదురుడే గీతలో పెద్ద అలగా కనబడుతుంది. గిన్నెల ప్రయోగం ఇక్కడ అక్కరకు వచ్చింది. బిళ్ల అంచున మూడు మిల్లీమీటర్ల ఎత్తున్న మెత్తటి సిలికాన్ రింగు అతికించి దాన్ని ఒక బుల్లి గిన్నెలా చేశాను; గిన్నె నిండా జెల్, అడుగున వెండి, పైన చర్మం. లోహం ఇక చర్మాన్ని ఎక్కడా తాకదు. ఫిబ్రవరి రెండో వారంలో ఇది పెట్టుకుని నడిచిన రోజున తెరమీద గీత మొదటిసారి తన దారిన తాను పోయింది. అంతకు ముందు నడక మొదలవగానే అంతా గజిబిజి అయ్యేది.

జెల్ సంగతి విడిగా చెప్పాలి. స్కానింగ్‌కు వాడే అల్ట్రాసౌండ్ జెల్ సులభంగా దొరుకుతుంది కానీ, అది ధ్వని తరంగాల కోసం చేసినది, అందులో ఉప్పు ఉండవలసిన పని లేదు. గీత వచ్చినా బలహీనంగా వచ్చింది. ఈసీజీకని అమ్మే జెల్ మేలైనది, ఒక సీసా చాలా కాలం వస్తుంది. నేను ఇంట్లోనే చేసి చూశాను. వంద మిల్లీలీటర్ల మరిగించి చల్లార్చిన నీటికి ఒక గ్రాము ఉప్పు, చిక్కదనం కోసం వాడే జాంథన్ గమ్ పొడి ఒక గ్రాము వేసి ఉండలు కట్టకుండా చిలికితే సరిపడా చిక్కదనం వస్తుంది. పనితనంలో కొన్న జెల్‌కూ దీనికీ నాకు తేడా కనబడలేదు. కానీ ఇందులో నిల్వ పదార్థం లేదు, ఫ్రిజ్‌లో పెట్టినా వారం దాటితే నేను పారబోస్తాను. ఉప్పు ఎక్కువ వేస్తే సంకేతం ఇంకా బాగుంటుందని పెంచుకుంటూ పోకూడదు. రాత్రంతా చర్మం మీద ఉంటే అదే మంట పుట్టిస్తుంది.

బిళ్లను పట్టి ఉంచేందుకు వెడల్పాటి సాగే పట్టీ, దానికి వెల్క్రో చాలు. పట్టీలో మూడు రంధ్రాలు చేసి టిచ్ బటన్ మొనలు బయటికి వచ్చేలా కుట్టాను, బిళ్లలు కడగడానికి విడిగా ఊడి వస్తాయి. బిగుతు కుదరడానికే చాలా సాయంత్రాలు పోయాయి. వదులైతే జెల్ కారిపోయి రెండు బిళ్లల మధ్య వాగు కడుతుంది, అప్పుడు రెండూ ఒక్కటైపోయి గీత చదునవుతుంది. బిగువైతే ఊపిరి ఆడదు, రాత్రి నిద్ర పట్టదు. తీగలు మూడింటినీ జడలా అల్లాక ఇంటి కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్‌ల రొద స్పష్టంగా తగ్గింది. రాత్రి పెట్టుకునే ముందు చర్మాన్ని సబ్బుతో కడిగి, ముతక గుడ్డతో రెండుసార్లు తేలిగ్గా రుద్దడం ఈ మొత్తంలో ఖర్చు లేని పని, ఫలితంలో మాత్రం వెండికి సమానం.

వ్యాయామం వేళకు వెండిపూత నైలాన్ గుడ్డతో మరో పట్టీ కుట్టాను. దీనికి జెల్ అక్కర్లేదు, నీళ్లతో తడిపితే చాలు. తడపకపోతే చెమట పట్టేదాకా ఐదు పది నిమిషాలు గీత కోసం వేచి ఉండాలి. గుండె వేగం లెక్కకు ఇది హాయిగా సరిపోతుంది. అయితే ఉతికిన కొద్దీ పూత అరిగి గుడ్డ నల్లబడుతోంది, కనుక దీన్ని మళ్లీ మళ్లీ వాడుకునేదని అనడానికి నాకు సగం మనసే ఒప్పుతుంది.

మార్చి మొదట్లో ఒక భయం కలిగింది. రాత్రి రికార్డును ఉదయం తిరగేస్తుంటే ఒకచోట రావలసిన శిఖరం రాలేదు, దాని వెనక వికారమైన పెద్ద అల ఒకటి లేచింది. ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు, నాడి పట్టుకుని చూసుకోవడమే సరిపోయింది. సాయంత్రం పట్టీ కట్టుకుని, మణికట్టు దగ్గర నాడి మీద వేలుంచి, ఒక పక్కకు ఒత్తిగిలాను. అదే ఆకారం తెరమీద పుట్టింది, నాడి మాత్రం ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. పక్కకు తిరిగినప్పుడు బిళ్ల ఒకటి లేచి మళ్లీ కూర్చోవడమే ఆ అల. అయినా ఊరుకోబుద్ధి కాక వైద్యుడిని కలవడానికి పేరు రాయించుకున్నాను, వారం రోజులు ఆగవలసి వచ్చింది. ఆ వారం రాత్రులు రికార్డు చేయడం మానేశాను, చేస్తే తెల్లవారేదాకా దాన్నే చూస్తూ కూర్చుంటానని తెలుసు.

అక్కడ పన్నెండు లీడ్‌ల ఈసీజీ, అంటే గుండెను పన్నెండు కోణాల నుంచి చూపే ఈసీజీ, తీయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. అంతా సవ్యంగానే ఉందన్నారు. నా ఫోనులోని గీతలను కూడా ఓపికగా చూసి, "లయ ఎలా ఉందో, వేగం ఎంతో చూసుకోవడానికి ఇది బాగానే ఉందండీ. శిఖరం తర్వాత వచ్చే ఎస్టీ భాగం ఎత్తుపల్లాలకు మాత్రం మీరు అర్థాలు తీయకండి. ఛాతీలో నొప్పి వస్తే గీత చూస్తూ కూర్చోకుండా వచ్చేయండి" అన్నారు. ఇంటికి వచ్చాక ఆ మాటకు మూలం వెతికితే దొరికింది. ఇలాంటి బోర్డుల్లో ఊపిరి ఊగిసలాటను అణచడానికి అర హెర్ట్జ్ కంటే తక్కువ పౌనఃపున్యాలను కోసేస్తారు, ఆసుపత్రి రోగనిర్ధారణ యంత్రం 0.05 హెర్ట్జ్ దాకా ఉంచుతుంది. ఆ కోతలో ఎస్టీ భాగం ఆకారం మారిపోతుంది. బిళ్ల ఎంత బాగా చేసినా దీన్ని సరిచేయలేదు.

ఇప్పుడు రోజువారీ పద్ధతి ఇలా కుదిరింది. రికార్డు అయిన వెంటనే బిళ్లలు తీసి గోరువెచ్చని నీటిలో, మెత్తని బ్రష్షుతో జెల్ కడిగేస్తాను. ఆలస్యమైతే ఉప్పు గడ్డకట్టి రింగు మూలల్లో చేరుతుంది, దాన్ని గీకితే పూత పోతుంది. చివర డిస్టిల్డ్ నీటితో ఒకసారి కడిగి, ఆరబెట్టి, మూత ఉన్న నల్లటి డబ్బాలో పెడతాను, ఎందుకంటే వెండి క్లోరైడు వెలుతురుకు మారుతుంది. ఇంట్లో మరొకరు పెట్టుకోవాలంటే 70 శాతం ఆల్కహాలుతో తుడిచి ఇస్తాను. పది పదిహేను రోజులకోసారి రెండింటిని ఎదురెదురుగా పెట్టి మిల్లీవోల్టులు కొలుస్తాను. అంకె పదులలోకి పాకినా, బూడిద రంగు మధ్యలో తెల్లని లోహం తొంగిచూసినా, ఆ జత మొత్తానికి కలిపి మళ్లీ పూత వేస్తాను. ఒక్కదానికే వేస్తే పాతదానికీ కొత్తదానికీ జోడీ కుదరదు. పూతకు పది నిమిషాలు, నానడానికి ఒక రాత్రి పడతాయి కనుక రెండో జత సిద్ధంగా ఉంచుకున్నాను. సిలికాన్ రింగులు మాత్రం అంచులు బిరుసెక్కుతున్నాయి, వాటికి ఇంకా మెత్తని సరుకు ఏదైనా చూడాలి.